నా లెక్కలో మొదటి బాప్తిస్మం

నేను పాస్టరుగారితో గొడవపడి రెండోసారి బాప్తిస్మం తీసుకున్నానని సూరత్‌లోని మా తెలుగు బాప్టిస్టు సంఘంలో చెప్పుకుంటారు. గొడవ నిజమే. రెండోసారి అన్నదే అబద్ధం. నా లెక్కలో అదే మొదటిది.

పన్నెండేళ్లప్పుడు ఒంగోలు దగ్గర మా ఊరి కాలువలో ఒకసారి ముంచారు, కాదనను. నా ఈడు పిల్లలందరూ తీసుకుంటున్నారు, పైగా కొత్త తెల్ల గౌను కుట్టిస్తామన్నారు. నేనూ వరసలో నిలబడ్డాను. ముక్కులోకి నీళ్లు పోయి వెక్కివెక్కి ఏడ్చాను. గట్టున ఉన్న పెద్దలు పశ్చాత్తాపం అనుకున్నారు. అంతమంది మెచ్చుకుంటుంటే కాదని చెప్పడానికి నాకేం పిచ్చా? ఆ కన్నీళ్లనే ముప్పై ఐదేళ్లు సాక్ష్యంగా చెప్పుకున్నాను. ఏటేటా కాస్త మెరుగు కూడా పెట్టాను. సువార్త భూదిగంతాలకు చేరాలని పట్టుదల గల మా పాస్టరుగారు దాన్ని ఫోనులో రికార్డు చేసి ఆఫ్రికాలోని మిషనరీలకు పంపారు. నేను పాస్‌పోర్టు తీసుకోకముందే నా ముక్కులో నీళ్లు సముద్రం దాటాయి.

పోయిన ఏడాది సూరత్‌లోనే బమ్రోలి పేట నుంచి ఒకామె బాప్తిస్మానికి సిద్ధపడింది. భర్తది మగ్గాల కార్ఖానాలో పని, ఆమెది ఇంట్లో చీరలకు రాళ్లు అంటించే పని. మారుమనస్సు ఎలా పొందావని సంఘం ముందు అడిగితే నన్ను చూపించింది.

"గీ అక్క చిన్నప్పుడు ఏడ్చిందని చెప్తే ఇన్న. గంత చిన్న పిల్లకే తెలిసింది, నాకేం రోగమని ఇంటికి పోయి నేను గూడ ఏడ్చిన."

అందరూ స్తోత్రం అన్నారు. నేను పాటల పుస్తకం తిరగేశాను. ఇంటికొచ్చి రొట్టెల పీట ముందు నిలబడి, మొదటిసారి దేవుడితో నిజం చెప్పాను, క్షమించమన్నాను. వెలుగేమీ కనబడలేదు. రొట్టె మాడింది.

మర్నాడు పాస్టరుగారి దగ్గరికెళ్లి నాకూ బాప్తిస్మం ఇమ్మన్నాను.

"మీరు స్త్రీల సమాజం అధ్యక్షురాలు. జనం ఏమనుకుంటారమ్మా?"

"మనం పసిపిల్లలకు ఎందుకివ్వమండీ?"

"నమ్మినవాళ్లకే ఇవ్వాలి కాబట్టి."

"మరి నేను నమ్మింది నిన్న."

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. మా ఆయన మాత్రం, "ఇరవై ఏళ్లుగా అవిశ్వాసివని నన్ను తిట్టావు కదే" అని రెండు రోజులు నవ్వాడు.

సంఘం ముందు నిజం చెప్పాలన్నది పాస్టరుగారి షరతు. నా భయం సంఘం గురించి కాదు. ఆ బమ్రోలి ఆమె నా మాట విని నమ్మింది. ఆ మాటే ఉత్తదైతే ఆమె నమ్మకం ఏమైపోతుంది? అందుకే ముందు ఆమె ఇంటికెళ్లి చెప్పాను. వేళ్లకు జిగురు అలాగే ఉండగా విన్నది.

"అంటే ఉత్తగనే చెప్పినవా?"

"ఉత్తగనే."

"ఆఫ్రికోళ్లకు గూడనా?"

"వాళ్లకూనూ."

నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. "నువ్వు ఏడ్వకపోతే నీ ఇష్టం అక్కా. నేనైతే నిజంగనే ఏడ్చిన. నేను బాప్తిస్మానికి ఆగను."

ఆదివారం సంఘం ముందూ అదే చెప్పాను. ఊరి బయట పల్సానా దగ్గర ఒకరి పొలంలోని నీళ్లతొట్టిలో ఆమె ముందు దిగింది, తర్వాత నేను. నాకంటే ముందు నమ్మింది కనుక ఆ వరస న్యాయమే.

ఒక్క సంగతి మాత్రం నాకింకా తేలలేదు. పాస్టరుగారిని అడిగితే ప్రార్థన చేద్దామంటారు. ఆమెను నమ్మకం దాకా నడిపించింది నేనైతే కాదు. దేవుడే అయితే, అబద్ధమాడవద్దన్న ఆయనకు నా అబద్ధంతో పనేమిటి?