తోటికోడలి మాత్రలు

వీధిలో ఆమెను అందరూ కాజాలక్క అంటారు. చుట్టుపక్కల టైలరు షాపుల్లో కుట్టిన చొక్కాలన్నిటికీ కాజాలు కుట్టేదీ, గుండీలు బిగించేదీ ఆమే. గుండీ దూరే కన్నం చుట్టూ దారం అల్లడం చూసేవాళ్ళకు చిన్న పనే, చెయ్యబోతే తెలుస్తుంది. మిషను కుట్టిన కాజా నాలుగు ఉతుకులకే నోరు తెరుస్తుంది. ఆమె చేత్తో కుట్టినది చొక్కా చిరిగినా చిరగదు. ఈ మాట షాపులవాళ్ళే అంటారు. ఇంట్లో మాత్రం ఎవరూ అనరు. ఆమె ఏడుపంతా అక్కడే ఉంది.

ఇంట్లో అత్తగారి నోట ఎప్పుడూ చిన్నకోడలి మాటే. చిన్నకోడలికి కీళ్ళ జబ్బు. పొద్దున లేస్తే వేళ్ళు కర్రల్లా బిగుసుకుపోతాయి, దువ్వెన పట్టుకోలేదు. అందుకని అత్తగారు ఆ పిల్లను కిటికీ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, మెల్లగా చిక్కు తీసి, జడ వేస్తుంది. ఆ సమయానికి కాజాలక్క వంటింటి గుమ్మంలో నిలబడి గిన్నెలు తుడుస్తూ ఉంటుంది. తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడుస్తుంది. తాను ఈ ఇంట అడుగుపెట్టి ఇన్నేళ్ళయింది, ఆ చెయ్యి ఒక్కసారైనా తన తల మీద పడిందా? పడింది, ఒకసారి. పేలున్నాయేమో చూడ్డానికి.

జబ్బుమనిషి కదా అని సరిపెట్టుకునేదే. కానీ ఆసుపత్రిలో డాక్టరమ్మ కొత్త మాత్రలు రాసిన దగ్గర్నుంచి చిన్నకోడలు జబ్బుమనిషిలా కనిపించడం మానేసింది. బుగ్గలు నిండాయి. గడ్డం కింద మెత్తగా కండ వచ్చింది. ఎముకలు తేలిన ముఖం కాస్తా నిండు చందమామ అయి కూర్చుంది.

"మా చిన్నమ్మాయి ముఖం చూశావా, ఎలా విచ్చుకుందో" అంది అత్తగారు పక్కింటావిడతో. "ఆ మాత్రలు పడ్డాక నీళ్ళు పోసిన మొక్కేననుకో."

"మరి మీ పెద్దమ్మాయేంటి, అలా పీక్కుపోయింది?" అంది పక్కింటావిడ, ఆ పెద్దమ్మాయికి వినపడుతుందని తెలిసే.

"దానికేం, గుండ్రాయి. దాని ఒళ్ళే అంత."

లోపలి గదిలో చిన్నకోడలు నవ్వింది. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్న సామెత ఊరికే పుట్టలేదు. గుండ్రాయి అన్న మాట కాజాలక్క చెవిలోంచి దిగి ఎక్కడో అరిగిపోయింది గానీ, ఆ నవ్వు మాత్రం అరగలేదు.

మర్నాడు ఊడుస్తుంటే చెత్తబుట్టలో ఖాళీ మాత్రల షీటు కనిపించింది. దాన్ని కొంగున ముడేసుకుని వీధి మలుపులో ఉన్న మందుల షాపుకు వెళ్ళింది.

"ఇవి కావాలన్నా."

"ఎవరికమ్మా?"

"ఇంట్లోవాళ్ళకి."

అబద్ధమేముంది, తాను మాత్రం ఇంట్లో మనిషి కాదా అనుకుంది. అతను డాక్టరు చీటీ అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ లేదు. షీటు రంగు చూసి, అలాంటిదే తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని గుండీల డబ్బాలో అడుగున దాచి, రోజూ పొద్దున టీ తాగాక ఒకటి మింగసాగింది.

మింగిన కొద్ది రోజులకే ఒంట్లో దీపం వెలిగించినట్టయింది. ఆకలి పెరిగింది. చొక్కాల మూట చూస్తే విసుగు రావడం లేదు. ఇన్నాళ్ళూ ఈ సుఖమంతా అది ఒక్కతే అనుభవించింది కదా అని ఇంకా మండిపోయింది. నిద్ర మాత్రం పారిపోయింది. పడుకుంటే ఎప్పటెప్పటివో గుర్తుకొచ్చేవి. మంచి దుప్పటి ఎవరికి ఇచ్చారు, గాలి వచ్చే గది ఎవరికి ఇచ్చారు, జ్వరం వస్తే ఎవరి పక్కన కూర్చున్నారు. తెల్లారేసరికి అన్ని కేసుల్లోనూ తీర్పు ఒకటే వచ్చేది.

నెలలు గడిచాయి. బుగ్గలు వచ్చాయి. నిజంగానే వచ్చాయి. అద్దంలో ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసుకుని, అత్తగారి ముందు నుంచి పనున్నా లేకపోయినా అటూ ఇటూ తిరిగింది. అత్తగారు చివరికి తలెత్తింది.

"ఏంటే, ఈమధ్య తిండి బాగా పెంచినట్టున్నావ్."

అంతే. విచ్చుకోవడమూ లేదు, మొక్కా లేదు.

ఆ కోపంలో ఉండగానే సూది దిగింది. కాజా కుట్టేటప్పుడు ఎడమచేతి చూపుడువేలు బట్ట కింద ఉంటుంది, సూది మొన ఎక్కడుందో చూపేది అదే. పోటు పడటం ఆ వేలికి కొత్త కాదు. నోట్లో పెట్టుకుని చప్పరిస్తే పొద్దుటికి మానిపోయేది. ఈసారి మానలేదు. ఎర్రబడింది, ఉబ్బింది, చీము పట్టింది. అంత వాపుకు ఉండాల్సిన నొప్పి కూడా లేదు. అందుకే గుడ్డపేలిక చుట్టుకుని పని సాగించింది.

తెల్లచొక్కా మీద పసుపుపచ్చ మరక చూసిన టైలరు దాన్ని మడత కూడా పెట్టకుండా తిరిగి పంపాడు. ఆ వెనకే తానూ వచ్చాడు.

"అక్కా, నీ చేతికుట్టుకి వంక పెట్టేవాడు లేడు. కానీ ఈ వేలుతో వద్దు. మిషనుకి ఇచ్చేస్తాను."

"మిషను కాజా నాలుగు ఉతుకులకు..."

"తెలుసు. అయినా దానికి చీము కారదు కదక్కా."

అతను వెళ్ళిపోయాక కాజాలక్క ఖాళీ ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఇంట్లో తనకు ఏ గొప్పా లేదు సరే, ఈ వేలు కూడా పోతే వీధిలో తన పేరేం మిగులుతుంది?

చిన్నకోడలు వచ్చి ఎదురుగా చతికిలబడింది. కూర్చోవడానికే ఆ పిల్లకు గోడ సాయం కావాలి.

"అక్కా, వేలు చూపించు."

"ఏం లేదు, పో."

"సరే, ముఖమైనా చూపించు. అటు తిప్పుకోకు. నా మాత్రలే కదూ నువ్వు మింగుతున్నది?"

"నీ మాత్రలు నాకెందుకే."

"ఆ ముఖం నాకు తెలుసు. రోజూ అద్దంలో చూసి ఏడుస్తున్నది దాన్నే కదా."

"చందమామలా ఉంటే ఏడుపెందుకే నీకు?"

"చందమామా? గాలి కొట్టిన బంతి. ఫోటో తీస్తానంటే మీ మరిదికి దొరక్కుండా బాత్రూంలో దూరుతున్నాను. ఆరోజు అత్తయ్య విచ్చుకుందంటే ఏడవలేక నవ్వాను." సూదుల పెట్టె వైపు చూసింది. "నా కళ్ళు నీ వేళ్ళ మీదే ఉంటాయక్కా. దారం ఒక్క విసురులో ఎక్కిస్తావు. నేను గుండీ కూడా పెట్టుకోలేను. చూసినప్పుడల్లా నిన్ను చీల్చెయ్యాలనిపిస్తుంది."

అంత తీపి మాట కాజాలక్క ఆ ఇంట్లో ఎన్నడూ వినలేదు.

మర్నాడే చిన్నకోడలు ఆమెను ఆసుపత్రికి లాక్కెళ్ళింది. ఎన్నాళ్ళుగా మింగుతున్నావని డాక్టరమ్మ అడిగితే కాజాలక్క "ఏదో కొన్నాళ్ళు" అంది. "నెలలు" అంది చిన్నకోడలు. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"చూడమ్మా. ఒంట్లో కాపలావాళ్ళుంటారు. బయటి పురుగు ఏదైనా దూరితే తన్ని తరుముతారు. మీ చెల్లి ఒంట్లో వాళ్ళకు తిక్కరేగి సొంత కీళ్ళనే తంతున్నారు. అందుకే ఈ మందిచ్చి వాళ్ళ ఉడుకు తగ్గిస్తున్నాం. నీ కాపలావాళ్ళు బుద్ధిగానే ఉన్నారు కదా, వాళ్ళనెందుకు పడుకోబెట్టావ్? ఇంకొన్నాళ్ళు ఆగితే ఈ చీము ఎముకదాకా పోయేది."

కాజాలక్క వేలికి చుట్టిన పేలిక కొస మెలిపెట్టింది.

"నిద్ర పడుతోందా?"

"లేదు."

"మందు వల్ల కొంత. అంతకుముందు పట్టేదా?"

కాజాలక్క తోటికోడలి వైపు చూసి, చూపు దించుకుంది. "అప్పుడూ అంతంతే."

"మనసు అదేపనిగా ఉడుకుతుంటే మెదడు ఊరుకోదు. ఈ మాత్రల్లో ఉండేలాంటి సరుకే ఒంట్లో తయారు చేయిస్తుంది. కాసేపైతే మంచిదే. రోజుల తరబడి సాగితే గాయాలు మానడం ఆలస్యమవుతుంది. ముందు నుంచీ లోపల అదొకటి, దానిమీద షాపు నుంచి ఇదొకటి."

"ఇవాళే మానేస్తాను."

"ఆ పని మాత్రం చెయ్యకు. బయటినుంచి వస్తోంది కదా అని ఒళ్ళు తన తయారీ ఆపేసి ఉంటుంది. ఒక్కసారిగా మానితే కుప్పకూలతావు. నేను చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి."

"ఆ లోపలిదో?" అంది కాజాలక్క మెల్లగా.

"అది నాకు వదిలెయ్యండి డాక్టరమ్మా" అంది చిన్నకోడలు. "రోజూ కాస్త తిట్టి తగ్గిస్తాను."

వేలు కోసి చీము తీసి, చేతికి పెద్ద కట్టు కట్టారు. సంగతి విన్న అత్తగారు నోటికొచ్చినన్ని తిట్టింది. "బుగ్గల కోసం మందు మింగినదాన్ని ఎక్కడా చూడలేదే తల్లీ. నీకేం తక్కువైందే?" అని అడిగింది గానీ జవాబు కోసం ఆగలేదు. మర్నాడు పొద్దున ఒంటిచేత్తో దువ్వెనతో కుస్తీ పడుతున్న పెద్దకోడల్ని చూసి, కిటికీ దగ్గరికి రెండో స్టూలు లాగింది.

"ఏడిశావులే, ఇలా రా."

ముందు చిన్నదానికి, తర్వాత పెద్దదానికి. తన వంతు వచ్చినప్పుడు కాజాలక్క ఊపిరి బిగబట్టింది. ఆ చెయ్యి అనుకున్నంత మెత్తగా ఏమీ లేదు. జుట్టు పీకేస్తోంది. అయినా ఇంకాసేపు పీకితే బాగుండుననిపించింది. జడ పూర్తయ్యాక తనది లావుగా ఉందా, చిన్నదానిది లావుగా ఉందా అని మంచి చేత్తో తడిమి చూసుకుంది. చిన్నదానిదే లావు. జుట్టు ఎక్కువ కాబట్టి అని సర్దిచెప్పుకుంది. పూర్తిగా నమ్మలేదు.

మాత్రలు తగ్గుతూ వచ్చాయి. బుగ్గల వాపు తీసింది. నిద్ర కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. ఒకరోజు గుడ్డ విప్పితే వేలిమీద గులాబీరంగు కొత్త చర్మం గట్టిగా, పొడిగా ఉంది. టైలరు అప్పటికే మిషను కాజాలు ఊడిపోతున్నాయని రెండుసార్లు కబురంపాడు.

కాజాలక్క ఆ వేలిని కాసేపు చూసుకుంది. అటు కిటికీ దగ్గర స్టూళ్ళు లాగుతున్న చప్పుడు వినిపించింది. గబగబా గుడ్డ మళ్ళీ చుట్టుకోబోయింది. ఒంటిచేత్తో ముడి పడలేదు.

గుమ్మంలో చిన్నకోడలు నిలబడి ఉంది. అంతా చూసింది. వచ్చి ఎదురుగా కూర్చుని, బిగుసుకుపోయిన వేళ్ళతో, పెదవి కొరుక్కుంటూ, మానిన వేలి మీద కట్టు ముడివేసింది.

"రేపటివరకే" అంది.