పాస్ అని రాసిన ఫైరింజను

పదకొండేళ్ళ క్రితం, ఏప్రిల్ నెల మొదటి సోమవారం ఉదయం ఏడు గంటలకు నేను ఒక చిన్న మున్సిపాలిటీలో ఫ్లీట్ సూపర్‌వైజరుగా చేరాను. కెనడాలోని సార్నియా నుంచి తూర్పుగా కారులో నలభై నిమిషాలు వెళితే ఆ ఊరు వస్తుంది. ఫ్లీట్ అంటే ఊరి బళ్ళన్నీ. మంచు తోసే ట్రక్కులు, మట్టిరోడ్లు చదును చేసే గ్రేడర్లు, పార్కుల్లో గడ్డి కోసే యంత్రాలు, రెండు ఫైరింజన్లు. నా కింద ఇద్దరు మెకానిక్కులు, నా పైన మున్సిపాలిటీ ముఖ్య అధికారి గ్లెన్. ఫైర్ చీఫ్ వాల్టర్ హోదాలో నాకు సమానుడు. ఫైరింజను వాడేది ఆయన, బాగుచేసేది నేను, కొత్తది కొనాలో వద్దో తేల్చేది మేయరూ కౌన్సిలూ. నేను చెప్పబోయే సంగతికి నాకు అప్పుడూ ఒళ్ళు మండింది, ఇప్పుడూ మండుతూనే ఉంది. రాస్తే కాస్త తగ్గుతుందేమోనని మొదలుపెట్టాను.

ఆ ఊళ్ళో జీతం మీద పూర్తికాలం పనిచేసే ఫైర్‌మన్ ఒక్కడు కూడా లేడు, చీఫ్ తప్ప. మిగతా అందరూ వాలంటీర్లు. ఇనుప సామాన్ల షాపు ఆయన, సోయా పండించే రైతులు, స్కూల్ బస్సు డ్రైవరు, సార్నియా కెమికల్ ప్లాంట్లలో షిఫ్టులు చేసేవాళ్ళు. నడుముకున్న పేజర్ మోగితే చేస్తున్న పని వదిలేసి స్టేషనుకు పరుగెత్తుతారు. కెనడాలో చాలా చిన్న ఊళ్ళు ఇలాగే నడుస్తాయి. వాళ్ళలో ఒకడు మన సురేందర్. జగిత్యాల వాడు, ముప్పై ఎనిమిదేళ్ళు, ప్లాంటులో ఆపరేటరు. సార్నియాలో ఇళ్ళ ధరలు అందక మా ఊళ్ళో ఇల్లు కొనుక్కున్నాడు. ఊరికి ఏదో ఒకటి చెయ్యాలని ఫైర్ డిపార్ట్‌మెంటులో చేరాడు. ఊరు మొత్తంలో తెలుగు మాట్లాడే ఇళ్ళు రెండే, మాదీ అతనిదీ.

రెండు బళ్ళలో అసలైనది పంపర్. దాని కడుపులో ఒక పెద్ద పంపు ఉంటుంది. మంటల దగ్గరికి వెళ్ళాక డ్రైవరు ఒక లీవరు మార్చితే ఇంజను శక్తి చక్రాలకు వెళ్ళడం మాని పంపుకు వెళుతుంది. గొట్టం పట్టుకుని ఇంట్లోకి వెళ్ళేవాడి ప్రాణం ఆ పంపు ఇచ్చే ఒత్తిడి మీదే ఉంటుంది. రెండో బండి నీళ్ళు మోసే ట్యాంకరు మాత్రమే. నేను చేరేనాటికే ఆ పంపర్ వయసు ఇరవై రెండేళ్ళు. చిన్న ఊళ్ళలో ఇరవై ఏళ్ళు దాటిన పంపర్‌ను బీమావాళ్ళు మామూలుగా మొదటి వరుస బండిగా లెక్కించరు. ఏటా పంపు పరీక్ష పాసవుతూ ఉంటే మాత్రం మరికొంత కాలం చూసీచూడనట్టు పోతారు. అందువల్ల ఆ పరీక్ష పాసవడం మా మున్సిపాలిటీకి చాలా అవసరం.

పరీక్ష ప్రతి మే నెలలో పాత కంకర క్వారీ చెరువు దగ్గర జరిగేది. బయటి కంపెనీ మనిషి తన మీటర్లు తెచ్చుకుంటాడు. బండి చెరువులోంచి నీళ్ళు పీల్చాలి, పూర్తి సామర్థ్యంతో ఇరవై నిమిషాలు వదలాలి, తర్వాత ఒత్తిడి పెంచి మరో రెండు విడతలు నడవాలి. అంతా కలిపి గంట లోపే. నేను ఆ గంట కోసం పది రోజుల ముందు నుంచీ బండి కింద దూరేవాణ్ణి. కారే సీళ్ళు మార్చి, వాల్వులు అరగదీసి, ఇంజను వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ సరిచేసి, పెళ్ళికూతుర్ని చేసినట్టు చేసి తీసుకెళ్ళేవాణ్ణి. పాసయ్యేది. మా ఆఫీసు కాగితం మీద "పాస్" గడిలో టిక్కు పెట్టి సంతకం చేసి గ్లెన్‌కు పంపేవాణ్ణి.

ఇలా ఎందుకు చేశానో చెప్పాలి. కెనడాకు రాకముందు నేను కోస్తాలో ఒక బస్సు డిపోలో పన్నెండేళ్ళు పనిచేశాను. తెల్లారి నాలుగున్నరకు బస్సు గేటు దాటాలి. విడిభాగం లేదంటే వినేవాడు లేడు. పాత బస్సులోంచి పీకి పెట్టు, లేదా తయారుచెయ్యి, ఎలాగైనా బండి రూట్ మీదికి వెళ్ళాలి. అలా పంపినవాణ్ణే మొనగాడనేవారు. ఆ మొనగాడితనం సముద్రం దాటినా నాతోనే వచ్చింది. అక్కడి నుంచి వచ్చిన రెండో అలవాటు సొంత పుస్తకం. డిపో కాగితాల్లో ఏం రాసినా, బండికి నిజంగా ఏం చేశామో ఎవరి పుస్తకంలో వాళ్ళం తెలుగులో రాసుకునేవాళ్ళం, మళ్ళీ అదే బండి వస్తే పనికొస్తుందని. ఇక్కడ కూడా అదే చేశాను. ఆఫీసుకు ఇంగ్లీషులో "పాస్" అని ఒక్క ముక్క వెళ్ళేది. నిజం నా జేబులో తెలుగులో ఉండేది.

రెండో ఏడు పరీక్షకు వారం ముందు గేర్‌బాక్సులో ఫోర్కు విరిగింది. ఇంజను శక్తిని పంపు వైపు మార్చే పళ్ళచక్రాన్ని కదలకుండా పట్టి ఉంచే ఇనుప కొక్కెం అది. తయారీదారు ఆ మోడల్ భాగాలు చేయడం ఎప్పుడో మానేశాడు. మూడు రాష్ట్రాల తుక్కు యార్డులకు ఫోన్లు చేశాను, దొరకలేదు. పారేసిన గ్రేడర్ బ్లేడు ఉక్కు ముక్క ఒకటి కోసి, రెండు రోజులు గ్రైండర్ మీద అరగదీసి, నేనే ఒక ఫోర్కు తయారుచేసి బిగించాను. బండి పాసైంది. వాల్టర్ నా భుజం తట్టాడు. నాకు ఆ రోజు భూమి మీద కాళ్ళు ఆనలేదు.

ఆ శరదృతువులో వాల్టర్ కొత్త పంపర్ కావాలని కౌన్సిల్‌కు నాలుగోసారి అర్జీ పెట్టాడు. సహాయంగా ఉంటుందని నన్నూ రమ్మన్నాడు. ఆయన మాట్లాడటం అయ్యాక మేయరు నా పరీక్ష కాగితం పైకెత్తి చూపించి, బండి పాసైంది కదా అన్నాడు. వాల్టర్ ఏదో చెప్పబోతే ఆపి, మన ఫ్లీట్ సూపర్‌వైజరు మాంత్రికుడు, ఆయన ఉండగా మనకు కొత్త బండెందుకు అన్నాడు. సభలో చప్పట్లు. నేను లేచి నిలబడి నవ్వుతూ థ్యాంక్యూ అన్నాను. నన్ను మునగచెట్టు ఎక్కిస్తున్నారని అరవయ్యేళ్ళకు దగ్గరపడుతున్న మనిషికి తెలియకపోలేదు. తెలిసే ఎక్కాను. పక్కన వాల్టర్ తల వంచుకుని తన కాగితాలు సర్దుకున్నాడు. ఆ సంవత్సరం ఐస్ హాకీ స్టేడియానికి కొత్త పైకప్పు వేశారు. ఆ తర్వాత రెండేళ్ళూ ఇదే తంతు. వాల్టర్ అడగడం, మేయరు నా కాగితం చూపించడం, వచ్చే ఏడాది చూద్దామనడం.

ఐదో ఏడు అక్టోబరులో, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఒక ఇంటి బేస్‌మెంటులో మంటలు లేచాయి. ఇంటామె బయటికి వచ్చేసింది కానీ ఆమె తండ్రి కింద గదిలోనే ఉన్నాడని చెప్పింది. సురేందర్, మరొకతనూ గొట్టం పట్టుకుని మెట్లు దిగారు. పంపు దగ్గర స్కూల్ బస్సు డ్రైవరు ఉన్నాడు. గొట్టం మూసి తెరిచినప్పుడల్లా పంపు మీద భారం పెరిగి తగ్గుతుంటుంది. పరీక్షలో ఈ కుదుపులు ఉండవు, అక్కడ నీళ్ళు ఒకే ధారగా పోతాయి. ఆరో నిమిషంలో ఇంజను ఉన్నట్టుండి గట్టిగా అరిచిందనీ, ఒత్తిడి ముల్లు సున్నాకు పడిపోయిందనీ అతను తర్వాత చెప్పాడు. లీవరు ఎన్నిసార్లు లాగినా పంపు అందుకోలేదు. కింద వాళ్ళ చేతుల్లో గొట్టం మెత్తబడిపోయింది.

ట్యాంకరు మీద ఉన్న చిన్న పంపు తగిలించి నీళ్ళు అందించడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాల్లో వాళ్ళిద్దరూ పొగలో గొట్టం తడుముకుంటూ వెనక్కి వచ్చారు. మెట్ల దగ్గర ఒక దూలం కూలితే సురేందర్ ఎడమ చెయ్యి అడ్డం పెట్టాడు. గ్లవ్ కాలిపోయి చేతి చర్మానికి అంటుకుంది. ముసలాయన వెనక కిటికీలోంచి ముందే బయటపడి పక్కింటి వాళ్ళ వాకిట్లో కూర్చుని ఉన్నాడు. ఇంటి ముందు ఉన్న ఎవరికీ ఆ సంగతి తెలియదు.

మర్నాడు ఉదయం కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్ ఎదుట గేర్‌బాక్సు విప్పాను. ఫోర్కు రెండు ముక్కలై నూనెలో పడి ఉంది. నా గ్రైండర్ గీతలు దాని మీద అలాగే ఉన్నాయి. అది ఎవరు చేశారని ఆమె అడిగింది. నేనేనన్నాను.

మధ్యాహ్నం గ్లెన్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఇన్‌స్పెక్టర్ అడిగిన కాగితాలన్నీ ఇద్దాం, అవి సరిగ్గానే ఉన్నాయి, అన్నీ పాసే అన్నాడు. తర్వాత నా చొక్కా జేబు వైపు చూశాడు. ఆ పుస్తకం గురించి అతనికి ఎప్పటి నుంచో తెలుసు, దాని మీద జోకులు కూడా వేసేవాడు. అది నీ సొంతది, నీ భాషలో ఉంది, దాన్ని ఎవరూ అడగలేదు అన్నాడు. ఇరవై ఏడేళ్ళ బండిని నడిపించి పబ్బం గడుపుకున్నది వీళ్ళు, ఇప్పుడు నా భాష చాటున దాక్కుంటామంటున్నారు. లేచి వచ్చేశాను.

ఆ శనివారం, ఆదివారం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని పుస్తకం మొత్తం ఇంగ్లీషులో టైపు చేశాను. నా చేతిరాత కళ్ళకు ఆనక మా ఆవిడ శారద చదివిపెట్టింది. "ఫోర్కు దొరకలేదు, గ్రేడర్ ఉక్కుతో చేశాను, ఒక ఏడాది రావచ్చు." "నీళ్ళు పైకి పీల్చే ప్రైమర్ మీద నమ్మకం లేదు." "ఫోర్కు ఇంకా ఉంది, ఆశ్చర్యం." "దేవుడి దయ వల్ల పాస్." ఇలా ఐదేళ్ళది. సగంలో ఆమె చదవడం ఆపేసింది.

"ఇవన్నీ రాసుకున్నారు కదా, ఒక్కటైనా వాళ్ళకి చెప్పారా?"

"అడగలేదు," అన్నాను.

"అడగరండీ. మీరు పాస్ అని రాసిచ్చాక ఇంకెందుకు అడుగుతారు?" అని పేజీ తిప్పింది.

సోమవారం ఒక కాపీ ఇన్‌స్పెక్టర్‌కు ఇచ్చాను. మరొకటి బుధవారం కౌన్సిల్ సభలో, ఊరివాళ్ళు మాట్లాడే ఐదు నిమిషాల సమయంలో చదివాను. ఉద్యోగి అలా చదవకూడదని గ్లెన్ అడ్డుపడ్డాడు. సెలవు పెట్టి వచ్చాను, ఇక్కడ ఇంటిపన్ను కడుతున్నాను అన్నాను. దేవుడి దయ దగ్గరికి వచ్చేసరికి మేయరు ఇది సాంకేతిక పదమా అని అడిగాడు. ఎవరూ నవ్వలేదు. ఆ ఉక్కు ముక్క ఒక ఏడాదికని చేశాను, మూడున్నరేళ్ళు వచ్చింది, అది వచ్చినన్నాళ్ళూ మీరు నా సంతకం చూపించి బండి కొనలేదు, నేనూ చూపించనిచ్చాను అని చెప్పి కూర్చున్నాను. ఆ రాత్రే కొత్త పంపర్‌కు ఆమోదం దొరికింది. ఏళ్ళ తరబడి వాల్టర్ నెత్తీనోరూ బాదుకున్నా కానిది అరగంటలో అయింది. నాకు సంతోషం కలగలేదు, ఇంకా మండింది. గ్లెన్ వారం తిరక్కుండా నాకు హెచ్చరిక లేఖ ఇచ్చాడు, అనుమతి లేని విడిభాగం వాడినందుకు. తీసుకున్నాను. అది న్యాయమే.

ఆసుపత్రిలో సురేందర్‌ను చూడడానికి వెళ్ళాను. చెయ్యి మోచేతి దాకా కట్టు. ఫోర్కు సంగతి దాచకుండా చెప్పాను.

"అంకుల్, మే నెలల నేనే అడిగిన మిమ్మల్ని, బండి మంచిగున్నదా అని. యాదికుందా?" అన్నాడు.

గుర్తుంది. పాసైందని చెప్పాను.

"మీరు మనోళ్ళు కదా, మీరు చెప్పిన్రు కదా అని నేను మళ్ళీ ఆలోచించలే. వేరేటోళ్ళు చెప్తే ఇంకో రెండు మాటలు అడుగుతుంటి."

అతని గొంతులో కోపం లేదు. తిట్టి ఉంటే బాగుండేది.

కొత్త పంపర్ తయారై రావడానికి రెండేళ్ళు దాటింది. ఈ రోజుల్లో ఫైరింజన్లకు అంతే పడుతోంది. అప్పటి దాకా పక్క ఊరి వాళ్ళు వాళ్ళ స్పేర్ బండి ఇచ్చారు. బండి వచ్చేనాటికి నేను రిటైరై ఐదు నెలలైంది. కొత్త ఫైరింజనును అందరూ చేతులతో తోసి స్టేషనులోకి ఎక్కించడం ఇక్కడ ఆచారం. నన్నూ పిలిచారు. మేయరు తమ కౌన్సిల్ ముందుచూపు గురించి పావుగంట మాట్లాడాడు. వాల్టర్ నా వైపు చూశాడు, నేను పళ్ళు బిగబట్టి నిలబడ్డాను. సురేందర్ రాలేదు, ఫిజియోథెరపీ ఉందన్నాడు. ప్లాంటులో అతన్ని యూనిట్ నుంచి తీసి పర్మిట్లు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

నా తర్వాత వచ్చిన సూపర్‌వైజరుకు బాధ్యతలు అప్పగించేటప్పుడు ఒక్క విషయం చెప్పాను. పరీక్షకు పదిరోజుల ముందు బండిని ముస్తాబు చెయ్యకు, ఎలా ఉన్నదాన్ని అలాగే తీసుకెళ్ళు. ఫెయిలైతే ఫెయిలనే రాయి. బాగుచేస్తే ఏం చేశావో, దాన్ని ఎన్నాళ్ళు నమ్మవచ్చో, కొనాల్సినవాళ్ళు చదివే భాషలో, వాళ్ళు చదివే కాగితం మీద రాయి. బండిని నడిపించడం నాకు డిపోలోనే వచ్చు. నడవదని ఒప్పుకోవడం నేర్చుకునేసరికి నా సర్వీసు అయిపోయింది. సురేందర్ ఎడమ చేతి రెండు వేళ్ళు ఇప్పటికీ వంగవు.