నేను వెళ్తేనే పాడే రేడియో

ఇప్పుడంటే పాట జేబులోంచే వస్తోంది గానీ, మా వయసు రోజుల్లో వరంగల్‌లో పాట కావాలంటే ముందు వాకిట్లో ఒక రాగి తీగ కట్టాలి. దాని పేరు ఏరియల్. గాలిలో పోతున్న హైదరాబాదు స్టేషన్‌ను పట్టి రేడియోలోకి దించడం దాని పని. ఆ రేడియో మూగబోతే మళ్లీ మాట్లాడించే మహానుభావుణ్ణి నేను. హనుమకొండలో ఒక గది అద్దెకు తీసుకుని, 'రేడియో రిపేర్' అని బోర్డు కట్టి, చెవి మీద స్క్రూడ్రైవర్ పెట్టుకుని కూర్చునేవాణ్ణి (పెన్సిల్ పెట్టుకుంటే వడ్రంగి అనుకుంటారని భయం). ఈ వేషం చూసి మురిసిపోయిన మా మేనత్త నాకు కాశిబుగ్గలో ఒక సంబంధం చూసింది.

పిల్ల తండ్రి మగ్గాలకు నూలు రంగు వేయించి ఇచ్చే ఆసామి. పెళ్లిచూపుల్లో నేను పిల్లను చూశాను, పిల్ల నన్ను చూసింది, ఆయన మాత్రం గూట్లోని రేడియోను చూశాడు. "పిలగా, ఇది ఒకపారి మంచిగ పాడుతది, ఒకపారి గుర్రుమంటది. దీన్ని మంచిగ చెయ్యి. నీ చేతుల పని ఉన్నదని నమ్ముత. అటెన్కనే లగ్గం మాట." పిల్ల నాకు తెగ నచ్చేసింది. ఇక రేడియో బాగుపడకపోతే నా బతుకేం కావాలి?

సైకిల్ మీద పెట్టుకుని దుకాణానికి తెచ్చాను. అక్కడ బ్రహ్మాండంగా పాడింది. అయినా నమ్మకుండా వాల్వులు మార్చి, టంకాలన్నీ కొత్తగా వేసి, తీసుకెళ్లి గూట్లో పెట్టాను. పాడింది. ఛాయ్ తాగి దుకాణం చేరానో లేదో, బందైందని కబురు. వస్తున్నానని నేను తిరుగు కబురు పంపి వెళ్తే, వాకిట్లో కాలు పెట్టేసరికి హాయిగా పాడుతోంది. మళ్లీ అంతే, ఆ తర్వాతా అంతే. "ఏందయ్యా, నువ్వొస్తె పాడుతది, నువ్వు పోతె పండుకుంటది! దీన్ల ఏం మంత్రం పెట్టినవ్?" అన్నాడాయన. నా ముందు కనిపించని జబ్బుకు మందెలా వెయ్యను? కండెన్సర్లు మార్చాను, స్పీకర్ మార్చాను. చివరికి పైడబ్బా తప్ప లోపల ఆయనది ఏదీ మిగల్లేదు.

ఒకరోజు ఆయనే దుకాణానికి వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. "ఇంట్ల ఎవలకు ఇంక చెప్పలె. ఈ వారంల రేడియో సాఫ్ గాకుంటె రఘునాథపల్లి సంబంధం ఖాయం జేస్త. ఆ పిలగానికి రేడియో తెల్వది గని, ఎడ్లున్నయ్." ఎడ్లతో పోటీ పడాల్సి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

కాబోయే అల్లుడు కబురు లేకుండా అత్తవారి గడప తొక్కకూడదని మా దిక్కు మర్యాద. ఆ మర్యాదను గట్టున పెట్టి, మర్నాడు మిట్టమధ్యాహ్నం చెప్పకుండా వెళ్లాను. వాకిట్లో ఏరియల్ తీగ కనిపించలేదు. దాని నిండా ఎర్రవి, నీలివి తడి నూలు కట్టలు, అదే చిలపలు, వేలాడుతున్నాయి, నేలకు తాకుతూ, నీళ్లు కారుతూ. ఇంకో చిలప ఆరేస్తూ పిల్ల. లోపల రేడియో గుర్రుగుర్రు. అప్పుడు అర్థమైంది. తీగ పట్టిన పాటనంతా ఆ తడి నూలు భూమిలోకి దించేస్తోంది. నా కబురు అందగానే పిల్ల తల్లి "అల్లుడొస్తాండు" అని నూలంతా తీయించి, వాకిలి ఊడ్పించేది. నా కోసం ఇల్లు సర్దుతూ సర్దుతూ జబ్బును కూడా సర్దేసేవారన్నమాట!

ఆయన్ను పిలిచి చిలపలు తీయించాను. పాట. వేయించాను. గుర్రు. ఆయన చిన్నపిల్లాడిలా తీస్తూ వేస్తూ, "అరె, నా నూలే దీని నోరు మూసిందా!" అని పడీపడీ నవ్వాడు. తీగను పెంకుల మీదికి ఎక్కించాను. ఆ ఎండాకాలమే మా పెళ్లి.

ఈ కథను ఎన్నో ఏళ్లు అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఈమధ్య మా మనవరాలికి చెబుతుంటే, చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా ఆవిడ తలెత్తకుండా అంది: "దండెం మీద జాగ లేక తీగ మీద ఆరేసిననుకున్నరా? రేడియో మంచిగుంటె మీరెందుకొస్తరు?"

"మరి రఘునాథపల్లి వాళ్లకు ఇచ్చేస్తే?" అన్నాను.

"అది నాకెవలు చెప్పిండ్రు?" అంది, ఇన్నేళ్ల తర్వాత కూడా కంగారుపడిపోతూ.

రేడియోలో ఉన్న ప్రతి తీగనూ పట్టి పట్టి చూసిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం అసూయగా కూడా ఉంటుంది. వాడి కోసం ఒక పిల్ల ఎండలో నిలబడి తడి నూలు ఆరేసేది. వాడేమో కండెన్సర్లు మార్చేవాడు.