పెదవులు కలిసే చోట

మా నాయనకు చెవులు వినపడవు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే పని ఆయనది. రాళ్లు కోసే మిషన్ల మోతలో బతుకంతా గడిచింది. చెవిలో పెట్టుకునే మిషన్ కొనిచ్చాం. అది ఊరికే కూతపెడుతోందని తీసి బీరువాలో పడేశాడు. ఎదుటివాళ్ల పెదవులు చూసే మాట పట్టుకుంటాడు. నేను మాట్లాడితే ఒక్క ముక్క పోదు. మిగతావాళ్లు ఆయన ముందు నిలబడి నోరంతా తెరిచి అరుస్తారు. అప్పుడు అర్థం కాదు సరికదా, కోపం కూడా వస్తుంది.

నేను నంద్యాలలో ఉంటాను. పిల్లల కథల బొమ్మలకు నోళ్లు కదిలించడం నా ఉద్యోగం. గొంతులు రికార్డు చేసి హైదరాబాదు నుంచి పంపుతారు. వాటికి తగ్గట్టు బొమ్మ మాట్లాడినట్టు చేయాలి. ఇదీ ఒక పనేనా అని మా అత్తగారు ఇప్పటికీ నవ్వుతుంది. నవ్వనీ.

నేను చేసిన వీడియో ఏది వచ్చినా నాయన ఫోన్‌లో చివరిదాకా చూసేవాడు. విగ్రహాలు చెక్కే షెడ్డుకు వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. కానీ ఆ బొమ్మలు ఏమంటున్నాయో ఆయనకు తెలియదు. కథ ఏమిటో తర్వాత అమ్మ చెప్పాలి. నా పనిలో ఒక్క మాటైనా ఎవరి సాయం లేకుండా ఆయనకు అందాలని నాకు ఎంతో ఆశగా ఉండేది. ఒక ఆదివారం ఉండబట్టలేక, నిజంగా ఎట్లుందో చెప్పమని అడిగేశాను.

"నోరు తెరుస్తాంది, మూస్తాంది. మాట యాడుందమ్మా దాంట్లో?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. వెంటనే నంద్యాల బస్సెక్కేశాను. ఆ వారమే ఒక బొమ్మకు నోరు పెద్దది చేసి, ప్రతి మాటా సాగదీసి నాయనకు పంపాను. ఆయన చూసి ఫోన్ పక్కన పెట్టేశాడట. "ఇది గూడా అరుస్తాందే" అన్నాడని అమ్మ చెప్పింది.

అప్పుడు గానీ నేను కుదురుగా కూర్చుని నా పని నేను చూసుకోలేదు. మేం చేసేదంతా అచ్చుల పని. ఆ అంటే పెద్ద నోరు, ఈ అంటే సాగిన పెదవులు, ఊ అంటే సున్నా. మధ్యలో వచ్చే హల్లులు వేగంలో కొట్టుకుపోతాయి. గొంతు వినిపిస్తుంది కదా, ఇంకెవరు చూస్తారులే అనుకుంటాం. మా నాయన చూస్తాడు.

బల్ల మీద ఫోన్ నిలబెట్టి, ఎదురుగా నాయనే ఉన్నాడనుకుని మాట్లాడాను. ఆ వీడియోను మెల్లగా తిప్పి చూశాను. ప, బ, మ దగ్గర నా పెదవులు పూర్తిగా కలుస్తున్నాయి. శబ్దం రాకముందే కలిసి, రవ్వంత ఆగి, అప్పుడు విడిపోతున్నాయి. వ దగ్గర కింది పెదవి పై పళ్లకు తగులుతోంది. త, ద అన్నప్పుడు నాలుక కొస పళ్ల వెనక తొంగి చూస్తోంది. ఇదంతా నాకెవరూ నేర్పలేదు. చిన్నప్పటి నుంచి ఆయనతో మాట్లాడీ మాట్లాడీ నా నోటికి పడిన అలవాటు. నా నోరు నేనే చూసుకుంటూ ఏడ్చాను, సిగ్గులేకుండా.

అప్పుడు చేతిలో ఉన్నది పొలానికి అన్నం తీసుకెళ్లే ఒక పిల్ల కథ. గట్టు మీద నిలబడి ఆ పిల్ల వాళ్ల నాయనను పిలుస్తుంది: "నాయనా, బువ్వ పెడతా, రా." ఆ ఒక్క మాటకు నా పెదవుల కదలికంతా తెచ్చి పెట్టాను. హైదరాబాదు నుంచి ఫోన్ మీద ఫోన్, ఇంత చిన్న మాటకు ఇంత ఆలస్యమా అని. అవుతుందని చెప్పి పెట్టేశాను.

వీడియో పూర్తి కాగానే ఆళ్లగడ్డ బస్సెక్కాను. నాయన షెడ్డులో అమ్మవారి విగ్రహం ముందు కూర్చుని ఉన్నాడు. ఒళ్లంతా చెక్కాక ఆఖరున ఉలితో కళ్లు తెరుస్తారు. ఒక కన్ను అయింది, రెండోది మిగిలింది. ఫోన్‌లో శబ్దం తీసేసి, ఆయన ఎదుట రాతికి ఆనించి పెట్టాను. కథ ఏమిటో చెప్పలేదు.

ఉలి పట్టుకునే చూస్తున్నాడు. పిల్ల గట్టెక్కింది. పిలిచింది. నాయన ముఖంలో ఏ మార్పూ లేదు. ఇదీ పోయిందనుకున్నాను.

ఆయన తల విగ్రహం వైపు తిప్పుకుని, ఉలి మళ్లీ కంటి దగ్గర ఆనించాడు. నేను పక్కన నోరు మూసుకునే కూర్చున్నాను. ఆయన నా వైపు చూడను కూడా లేదు. ఇంట్లో అన్నానికి పిలిస్తే ఎప్పుడూ అనే గొంతుతోనే, ఫోన్‌లోని పిల్లకు జవాబు చెప్పాడు.

"రోంతసేపు ఆగమ్మా, ఈ కన్ను అయిపోనీ."