మూడు అన్నాడు, రూమ్మేట్ అన్నాను

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం మెట్ల మీద అడుగుల చప్పుడు మధ్యలో ఆగిపోయింది. విన్నిపెగ్‌లో మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. డెల్రాయ్ ఎప్పుడూ రెండేసి మెట్లు ఎక్కుతూ వస్తాడు. తలుపు తీసి చూస్తే రెండో అంతస్తు దగ్గర రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాడు.

"టూర్ బస్సులో పది గంటలు కూర్చున్నా కదా, పిక్క పట్టేసింది" అన్నాడు. మా మాటలన్నీ ఇంగ్లిష్‌లోనే, మీకోసం తెలుగులో రాస్తున్నాను.

డెల్రాయ్ నల్లజాతివాడు. జమైకా నుంచి వచ్చిన తల్లికి టొరంటోలో పుట్టాడు. పదకొండేళ్ళుగా ఒక బాలే కంపెనీలో డాన్సర్. నేను గుంటూరువాణ్ణి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆరేళ్ళుగా ఇద్దరం ఒకే ఇంట్లో భార్యాభర్తల్లా బతుకుతున్నాం. ఈ ఒక్క వాక్యం రాయడానికి అతని ప్రాణం మీదికి రావాల్సి వచ్చింది నాకు.

పదకొండేళ్ళలో అతనికి దొరికిన వేషాలు యోధుడు, రాక్షసుడు, తుఫాను. "యు ఆర్ సో పవర్‌ఫుల్" అని డైరెక్టర్ మెచ్చుకునేవాడు. రిహార్సల్‌లో మాత్రం "కొంచెం మగాడిలా నడువు" అనేవాడు. ఆడ డాన్సర్లను ఎత్తే చేతులు ఇతనివి, చప్పట్లు ఇంకొకడివి. ఆ ఏడాది మొట్టమొదటిసారి రాకుమారుడి వేషం ఇచ్చారు. వెనకాల ఇంకో డాన్సర్ అవే అడుగులు నేర్చుకుంటూ సిద్ధంగా ఉన్నాడు. నొప్పి అని నోరు జారితే చాలు, నోటీసు బోర్డు మీద పేరు మారిపోతుంది.

నేను నువ్వుల నూనె వెచ్చచేసి రోజూ పిక్క పిసికాను. ఎడమ పిక్క కుడిదానికంటే లావుగా, వేడిగా ఉంది. ఎర్రబడిందో లేదో అతని చర్మం మీద నాకు తెలియలేదు. గట్టిగా తగిలినచోట ఇంకా గట్టిగా నొక్కాను. ఎంత తెలివి!

అపాయింట్‌మెంట్ అక్కర్లేని వాకిన్ క్లినిక్‌లో డాక్టర్ చూసి "నో రెడ్‌నెస్" అన్నాడు. "నొప్పి ఒకటి నుంచి పది దాకా ఎంత?" అని అడిగితే డెల్రాయ్ నవ్వుతూ "మూడు" అన్నాడు. "మజిల్ స్ట్రెయిన్. ఐస్, రెస్ట్" అని పంపేశారు.

కారెక్కాక అడిగాను, నిజంగా ఎంత అని.

"ఎనిమిది."

"మరి మూడని ఎందుకు చెప్పావయ్యా?"

"టొరంటోలో మోకాలు చిరిగినప్పుడు తొమ్మిది అన్నాను. ఏ మత్తు మాత్రలకు అలవాటుపడ్డావని అడిగారు. స్టూడియోలోనూ అంతే. మూడంటే మర్యాదగా చూస్తారు."

నాకు ఒళ్ళు మండింది. అయినా వెనక్కి తిప్పి తీసుకెళ్ళలేదు.

క్లినిక్‌కి వెళ్ళొచ్చిన మూడో రోజు మధ్యాహ్నం ఊపిరి పీలిస్తే ఛాతీలో పొడుస్తోందన్నాడు. పెదాలు పాలిపోయాయి. ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాను. రిజిస్ట్రేషన్ డెస్క్ వెనక రమాదేవి ఆంటీ కూర్చుని ఉంది. తెలుగు అసోసియేషన్‌లో పెద్దదిక్కు ఆవిడ. మా అమ్మతో ఫోన్లో కూడా మాట్లాడుతుంది.

"శ్రీధర్! నువ్వేంటి నాయనా ఇక్కడ? ఎవరీ అబ్బాయి?"

"రూమ్మేట్, ఆంటీ."

అదే మాట నర్స్‌కీ చెప్పాను. "ఫ్యామిలీ కాకపోతే బయట వెయిట్ చేయండి" అంది. డెల్రాయ్ నా వంక ఒక్కసారి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. నా పిరికితనం అతనికి ముందే అలవాటు. తలుపు మూసుకునేలోపు లోపల కర్టెన్ వెనకనుంచి వినిపించింది: "పెయిన్ ఎంత?" "మూడు."

నలభై నిమిషాలు కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా ఆంటీ కంప్యూటర్ చూసుకుంటోంది. చివరికి లోపలినుంచి దగ్గు వినిపించింది, తడి దగ్గు. లేచి తలుపు తోసుకుని వెళ్ళాను.

"నేను అతని పార్ట్‌నర్‌ని. మూడు కాదు, ఎనిమిది. ఎడమ కాలు వారం నుంచి వాచింది. నేను మసాజ్ చేశాను."

నర్స్ మొహం మారిపోయింది. కాలికి డాప్లర్ స్కాన్, ఛాతీకి సీటీ స్కాన్ వెంటవెంటనే చేశారు. "డీవీటీ. కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టింది. ఊపిరితిత్తులు రెండింటిలోకీ ఆ గడ్డ ముక్కలు వెళ్ళాయి" అంది డాక్టర్.

"నేను నొక్కినందువల్లేనా?"

"అది చెప్పలేం. ఇంకెప్పుడూ నొక్కకండి."

చెప్పలేం. ఆ మాట మా ఇంట్లో మూడో మనిషిలా ఉండిపోయింది.

ముందు హెపారిన్ డ్రిప్, తర్వాత ఆరు నెలలు రక్తాన్ని పల్చబరిచే బ్లడ్ థిన్నర్ మాత్రలు. రాకుమారుడి వేషం వెనకాల ఉన్నవాడికి పోయింది. డైరెక్టర్ పూలు తెచ్చి "యు ఆర్ స్ట్రాంగ్" అన్నాడు. ఆయన వెళ్ళాక డెల్రాయ్ ముందు నవ్వాడు, తర్వాత వెక్కివెక్కి ఏడ్చాడు. రెండో నెలలో నాకు చెప్పకుండా రిహార్సల్‌కి వెళ్ళి తొడకు దెబ్బ తగిలించుకున్నాడు. మాత్రల వల్ల లోపల రక్తస్రావం ఆగక మళ్ళీ ఆస్పత్రి. అంకె అడిగారు. "మూ..." అని ఆగి, నా వైపు చూసి "ఏడు" అన్నాడు. ఆ రోజు నేను బాత్రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను.

ఇప్పుడు కంపెనీ మానేశాడు. పిల్లలకు క్లాసులు చెబుతాడు, తన సొంత నాట్యం ఒకటి తయారు చేసుకుంటున్నాడు. మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కుతాడు. రెండో అంతస్తు దాటేదాకా నేను చేతిలో పని వదిలేసి వింటాను. నువ్వుల నూనె సీసా పారేశాను. అయినా ఆ వాసన వేళ్ళకు ఉన్నట్టే ఉంటుంది.

ఈ మధ్య రమాదేవి ఆంటీ పులిహోర డబ్బాతో వచ్చింది. అన్నీ తెలిసే వచ్చింది. డెల్రాయ్‌కి వడ్డించి, నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఆ రోజు రూమ్మేట్ అన్నావ్. నాకు తెలీదనుకున్నావా? పార్ట్‌నర్ అనుంటే ఆ తలుపు నేనే తీసేదాన్ని కదరా."



కాబట్టి చదివేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. ఆస్పత్రికి బయల్దేరే ముందే నొప్పి అంకె కాగితం మీద రాయించండి, నవ్వు మొహం పెట్టుకోకముందే. ఆ కాగితం తోడు వెళ్ళేవాళ్ళు పట్టుకోండి. "మీరెవరు?" అని అడిగితే, పక్కన ఎవరు వింటున్నా సరే, నిజం చెప్పండి. నేను నలభై నిమిషాలు ఆగాను. ఆ తలుపుకు తాళం కూడా లేదు.