విరగని చేతికి కట్టు

మునిరామయ్య తాతకు ఒక చెడ్డ అలవాటు ఉండేది. చెయ్యి విరిగి ఏడుస్తూ వచ్చినవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, మందు నూరకముందే, "యాడ పడినావు? ఎట్ల పడినావు? పడి సూపించు" అనేవాడు. నొప్పితో వాళ్లు లోలోపల తిట్టుకునేవాళ్లు. ఆ సంగతి వినందే ఆయనకు చెయ్యి ఆడేది కాదు. వడమాలపేట దగ్గర మా ఊళ్లో నలభై ఏళ్లుగా ఎముకలకు కట్లు కట్టిన మనిషి. చింతచెట్టు మీంచి పడ్డాడా, ఎద్దు కుమ్మిందా అన్నది వేళ్లతో తడిమి చెప్పేసేవాడు.

నేను ఆయన ముందు కూర్చున్నది డెబ్బై తొమ్మిది కార్తీకంలో. అప్పుడు ఏడో తరగతి. మా పిల్లలందరికీ బేరింగు బండి పిచ్చి. లారీ షెడ్డులో పారేసిన బాల్ బేరింగులు మూడు తెచ్చి మామిడి పలక కింద బిగిస్తే అదే బండి. బుద్ధి ఉన్న పిల్లలు దాని మీద కూర్చునేవాళ్లు. నాకు పొగరు కదా, నిలబడ్డాను. రైసుమిల్లు ముందు వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లం ఏటవాలుగా ఉంటుంది. సగం కూడా దిగలేదు, కుడి మణికట్టు విరిగింది.

మా నాయన గంగాధరం నన్ను ఒక భుజాన, బండిని ఇంకో చేత్తో పట్టుకుని తాత దగ్గరికి తెచ్చాడు. "ఏప్రిల్లో పబ్లిక్ పరీక్ష ఉండాది మామా. ఈ యేడు పోతే బడి మాన్పించేస్తా. ఈ దరిద్రాన్ని నీళ్లపొయ్యిలో పెడతా" అన్నాడు.

"పెడుదువులే అబ్బా, ముందు నా కాడ ఉండనీ. సూడాల" అన్నాడు తాత. ఆయన చూపు నా చేతి మీద కన్నా ఆ పలక మీదే ఎక్కువగా ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, పైన వెదురు దబ్బలు, గుడ్డ. వారానికోసారి కట్టు మార్పించుకోవడానికి పోయేదాన్ని. పోయినప్పుడల్లా తాత బండిని తిరగేసి, బేరింగును వేలితో తిప్పుతూ కనిపించేవాడు. రెండు నెలల్లో ఇంకో నలుగురు పిల్లలు వచ్చారు. అందరిదీ మణికట్టే. "తలా ఒక సోట పడతారు, ఎముక మాత్రం ఒకే సోట ఎందుకు ఇరుగుతాది?" అని నన్ను అడిగేవాడు, పెళ్లాం కుప్పమ్మవ్వను అడిగేవాడు, ఎవరూ లేకపోతే గోడను అడిగేవాడు.

ఒకరోజు పోయేసరికి, అరవై దాటిన మనిషి, పక్కన వరిగడ్డి పరుచుకుని బండి ఎక్కి నిలబడి ఉన్నాడు. కుప్పమ్మవ్వ తల బాదుకుంటోంది. "నీ సేయి ఇరిగితే ఎవురు కట్టేది? ఊరంతా నీ సేతుల మీద ఉండాది!"

ఆయన వినలేదు. పడ్డాడు. జుట్టులో గడ్డితోనే లేచి కూర్చుని, రెండు అరచేతులూ చూసుకుని, నా వైపు తిరిగి నవ్వాడు. "సూసినావా అమ్మణ్ణీ, నాకు తెలీకుండానే సేతులు ముందుకు పోయినాయి. ఒంటి బరువంతా మణికట్టు మీదికే. నలబై ఏండ్లు, పడినాంక సూసినాను. పడేటప్పుడు ఏమైతాదో ఒక్కనాడూ సూడలా." ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో సిగ్గు కనిపించింది. నా కోపం ఆ రోజుతో పోయింది.

మాఘం నుంచి సాయంత్రాలు పిల్లలకు బండి నేర్పడం మొదలుపెట్టాడు. మొదటి వారం బండే లేదు, గడ్డి మీద పడటమే పాఠం. మోకాళ్లు వంచు, మోచేతులు పొట్టకు అదుముకో, భుజం మీద దొర్లు. తర్వాత బేరింగులు ఊడదీసిన పలక మీద కాళ్లు ఎక్కడ పెట్టాలో నేర్పాడు. ఆ తర్వాతే బేరింగులు, అదీ కళ్లంలో చదునుగా ఉన్నచోట, పక్కన ఒకరు చెయ్యి పట్టుకుని నడుస్తుంటే. వాలు చివర ఊక బస్తాలు పేర్చాడు. "నడవను రానోడికి పరుగెందుకురా" అని తొందరపడేవాళ్ల చెవి మెలిపెట్టేవాడు.

నాకు పడటం నేర్పాడు కానీ, నన్ను మాత్రం బండి ఎక్కనివ్వలేదు. మార్చి వచ్చింది. ఎముక ఎప్పుడో అతికింది కానీ, భయంతో నేను కుడిచేతిని వాడటమే మానేశాను. బడిలో ఎడమచేత్తో కోడిగీతలు గీసేదాన్ని. తాత ఒకరోజు నా నోటుపుస్తకం చూశాడు. "సేయి బాగుండాది. నువ్వే దాన్ని నమ్మలా" అని, ఒక వెదురు దబ్బ తెచ్చి నా అరచేతి నుంచి మణికట్టు మీదుగా ఆనించి, వేళ్లు ఆడేట్టు గుడ్డ చుట్టాడు. "ఇది ఉంటే మణికట్టు ఎనక్కి ఒంగదు. ఎక్కు."

విరగని చేతికి కట్టు కడితే ఆ చెయ్యి విరుగుతుందని మా ఊళ్లో నమ్మకం. కట్లు కట్టే ఇంట్లో పిల్లలను ఆటకు కూడా గుడ్డ చుట్టుకోనివ్వరు. తాత తన జన్మలో ఆ పని చేసి ఎరగడు. ముడి ఒకసారి వేసి, విప్పి, మళ్లీ వేశాడు. కుప్పమ్మవ్వ చూడలేక లోపలికి వెళ్లిపోయింది.

పరీక్షకు పది రోజులున్నాయి. నా చేతికి కట్టు చూసిన పక్కింటి దేవకమ్మత్త పొలంలో ఉన్న మా నాయనకు కబురు పంపేసింది, "నీ కూతురి కుడిసేయి మళ్లా ఇరిగింది" అని. విరగకపోతే కట్టెందుకుంటుంది? మా నాయన దున్నుతున్న మడక వదిలేసి బురద కాళ్లతో పరుగెత్తుకొచ్చాడు. అప్పటికి నేను వాలు మధ్యలో నిలబడి జారుతున్నాను. ఆయన్ని చూడగానే కాలు పలక మీంచి తప్పింది. పడ్డాను. మోకాళ్లు వంగాయి, భుజం దొర్లింది, అయినా చివర్లో కుడి అరచెయ్యి నేలకు కొట్టుకుంది. ఫట్‌మని అందరికీ వినబడింది.

"అయిపాయ" అని మా నాయన ఉన్నచోటే కూలబడ్డాడు.

తాత వచ్చి కట్టు విప్పాడు. నిలువునా చీలిన దబ్బ కింద పడింది. మణికట్టును అటూ ఇటూ తిప్పి, మిల్లు పొయ్యి దగ్గరి బొగ్గు ముక్క నా కుడిచేతిలో పెట్టాడు. "నీ పేరు రాయి" అన్నాడు. నాలుగు నెలల తర్వాత ఆ చేత్తో సిమెంటు మీద పంకజాక్షి అని రాశాను. చివరి అక్షరం కొంచెం వంకర పోయింది. తాత అప్పటికే మమ్మల్ని మరిచిపోయి, దబ్బ ఎక్కడ చీలిందో వెలుతురుకు పెట్టి చూసుకుంటున్నాడు.

మా నాయనకు చదువు రాదు. పాక్కుంటూ వచ్చి ఆ అక్షరాలను చాలాసేపు చూశాడు.

"నా పేరు గూడా రాయి పాపా" అన్నాడు.