పసుపు రంగేసిన కడ్డీ

మా అక్క మొగుడికి తాడేపల్లిగూడెంలో పౌడర్ కోటింగ్ షెడ్డు ఉండేది. ఇది రెండువేల సంవత్సరం తర్వాతి మాట. ఇనుప మంచాలు, బీరువాలు, ఆకివీడు చేపల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టిస్తూ తిరిగే ఏరేటర్ల ఫ్రేములు అక్కడికి రంగుకి వచ్చేవి. వస్తువుని పైనున్న అడ్డ కడ్డీకి కొక్కెంతో వేలాడదీస్తారు. ఆ కడ్డీ నుంచి ఒక తీగ భూమిలోకి దిగుతుంది. గన్నుతో రంగు పొడి చిమ్ముతారు. గన్ను పొడికి విద్యుత్తు ఎక్కిస్తుంది. భూమితో కలిసి ఉన్న ఇనుము ఆ పొడిని తనవైపు లాక్కుంటుంది. తర్వాత ఓవెన్‌లో కాలిస్తే పొడి కరిగి గట్టి రంగవుతుంది.

గన్ను పట్టే మనిషి కావాలంటే, ఏలూరులో మా వీధిలో ఉండే ఒకావిణ్ణి నేనే చెప్పి పెట్టించాను. భర్త పోయాక పిల్లల్ని తనే పెంచుకుంటోంది. దసరా వెళ్లిన వారం చేరింది, రోజూ పాసింజర్‌లో వెళ్లొచ్చేది. నెల తిరక్కుండానే బావ ఫోన్ చేశాడు.

"ఏవోయ్, మీ మనిషిని ఇంక రావద్దని చెప్పు."

"ఏం చేసిందండీ?"

"ఏం చెయ్యలేదు. ఆవిడొచ్చిన దగ్గర్నుంచీ పొడి అంటట్లేదు, సగం కిందే రాలిపోతోంది. హాస్టల్ మంచాలు తిరిగొచ్చేశాయి."

నేను వచ్చేదాకా ఆగమన్నాను. ఆదివారం ఆవిణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. తిరిగొచ్చిన మంచాల కోసం షెడ్డు తెరిచే ఉంది. పాత పనివాడొకాయన, నాకు అర్థమయ్యేలా చెప్పాలనుకున్నాడేమో, దగ్గరికొచ్చాడు.

"ఈవిడ తగిలించిన మంచం ముట్టుకుంటే చురుక్కున కొరుకుతోందండి. ఇనుము కూడా ఒప్పుకోట్లేదండి మరి."

"నేను రాని రోజున మీరే చిమ్మారుగా," అంది ఆవిడ. "ఆ రోజు పొడి అంటిందా అండీ?"

"నీ చెయ్యి పడ్డ గన్నే కదమ్మా అదీ!"

ఈ వాదాన్ని ఓడించడం ఎవరి తరమూ కాదు. అంటకపోతే ఆవిడ ఉన్నందుకు, ఆవిడ లేకపోయినా అంటకపోతే ఆవిడ ఉండి వెళ్లినందుకు. నాకు ఒళ్లు మండింది. గన్ను, పొడి, కొక్కెం, తీగ, ఇన్ని ఉండగా అందరి చూపూ ముందు ఆవిడ నుదుటి మీదికే ఎందుకు పోయిందని అడిగాను. వితంతువు ఎదురొస్తే పని చెడుతుందనే నీచపు నమ్మకం మీద, ఏ సభలోనూ మాట్లాడనంత గట్టిగా మాట్లాడాను. బావ అంతా విన్నాడు.

"నీ ఉపన్యాసానికి పొడి అంటుకుంటుందంటే చెప్పు బామ్మర్దీ, ఇక్కడే మైకు పెట్టిస్తాను."

పనివాళ్లు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

ఇనుము కొరుకుతోందన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. కరెంటు సరిగ్గా భూమిలోకి పోతే ఇనుము కొరకదు. అది మంచంలోనే నిలిచిపోతోందన్నమాట. అలా నిలిచిపోతే వెనకొచ్చే పొడిని నెట్టేస్తుంది. తీగ చూశాను, బాగానే ఉంది. తలెత్తి చూస్తే కడ్డీ పసుపుపచ్చగా, ఎర్ర బొట్లతో నిగనిగలాడుతోంది.

"ఇదెప్పుడు వేయించారు?"

"ఆయుధపూజకి. ఏటా పసుపు రాస్తే రాలిపోతోందని, ఈసారి గడపలకేసినట్టు ఎనామిల్ పెయింటు వేయించా. ఇహ చచ్చినా పోదు!"

గడప చెక్కది, దానికేమీ కాదు. ఇక్కడ మాత్రం కొక్కేనికీ కడ్డీకీ మధ్య ఆ పెయింటు కరెంటుకి అడ్డుపడింది. రాగి తీగ ఒకటి అడిగి, ఒక కొస మంచానికి, రెండో కొస భూమిలోకి దిగే ఎర్తు తీగకి కట్టాను. ఆవిణ్ణి చిమ్మమన్నాను. పొడి మంచం కాలి ముందువైపు పట్టింది, వంపు తిరిగి వెనకవైపూ పట్టింది. గన్ను ఆపాక పాత పనివాడు కొక్కెం మీద వేలు పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు.

"కొరకట్లేదండి," అన్నాడు.

బావ ఆకురాయి తీసుకుని, కొక్కేలు ఆనే చోట్ల మాత్రం పెయింటు గీకాడు. బొట్ల జోలికి పోలేదు. బొట్ల గురించి వాదించే ఓపిక ఆ పూట నాకూ లేదు.

"రేపు మామూలుగా వచ్చెయ్యమ్మా," అన్నాడు.

ఆవిడ ముక్కుకి కట్టుకున్న గుడ్డ కిందికి లాగింది. "వస్తానండి. ఇంకోసారి పొడి అంటకపోతే ముందు కడ్డీ చూస్తారా, నా మొహం చూస్తారా?"

బావ నావైపు చూశాడు. నేను ఆవిడవైపు చూపించాను.

"కడ్డీయేనమ్మా," అని గొణిగాడు.

"వాళ్లకి వినపళ్లేదండి."

బావ పనివాళ్లవైపు తిరిగి గట్టిగా చెప్పాడు. ఆవిడ గుడ్డ పైకి లాక్కుని, ఇంకో మంచం తగిలించమంది.